‘ది లాటరీ’ కథ ఇతివృత్తం: ‘గుడ్డి సంప్రదాయం’ అని రాస్తే ఎందుకు సరిపోదు, కథలో ఏం చూడాలి

మీరు అడిగింది ఇది: అమెరికా రచయిత్రి షిర్లీ జాక్సన్ కథ ‘ది లాటరీ’ ఇతివృత్తం గురించి డిగ్రీ పరీక్షలో ‘సంప్రదాయాన్ని గుడ్డిగా పాటించడం’ అని రెండు పేజీలు రాస్తే సగం మార్కులే వచ్చాయి, ఇంకేం రాయాలి, కథలో ఎక్కడ చూడాలి అని. మీరు రాసిన మాటలో తప్పు లేదు. కాకపోతే కథ చదవకుండా సారాంశం విన్నవాళ్ళు కూడా ఆ మాట రాసేస్తారు. మీరు కథ నిజంగా చదివారని దిద్దేవాళ్ళకి తెలియాలంటే చీటీలు తీసే పద్ధతి దగ్గరికి వెళ్ళాలి. ఈ కథ బలమంతా అక్కడే ఉంది.

కథ తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. అమెరికాలో సుమారు మూడు వందల మంది ఉండే ఒక పల్లె. జూన్ 27, చక్కగా ఎండ కాస్తున్న ఉదయం. పది గంటల వేళ పోస్టాఫీసుకీ బ్యాంకుకీ మధ్య ఉన్న ఖాళీ జాగాలో ఊరంతా చేరుతుంది, ఏటా జరిగే లాటరీ కోసం. బొగ్గు వ్యాపారం చేసే సమ్మర్స్ దాన్ని నడిపిస్తాడు, పోస్ట్‌మాస్టర్ గ్రేవ్స్ సాయం పడతాడు. నల్లపెట్టెలోంచి మడిచిన చీటీలు తీస్తారు. చివరికి నల్లచుక్క ఉన్న చీటీ ఎవరి చేతికొస్తే వాళ్ళని మిగతావాళ్ళంతా రాళ్ళతో కొట్టి చంపుతారు. మొత్తం రెండు గంటల్లోపు పని, మధ్యాహ్నం భోజనాల వేళకి ఇళ్ళకి వెళ్ళిపోవచ్చు. ఈసారి చుక్క టెస్సీ హచిన్సన్ అనే ఇల్లాలికి వస్తుంది. ఈ కథ 1948 జూన్ 26 నాటి ‘న్యూయార్కర్’ సంచికలో వచ్చింది. అంటే కథలోని తేదీ పత్రిక తేదీకి సరిగ్గా మర్నాడు.

ముందు ఒక కాగితం తీసుకుని తీత పద్ధతి వేసుకోండి. సమ్మర్స్ దగ్గర మూడు జాబితాలుంటాయి: కుటుంబాల పెద్దలు, ఒక్కో కుటుంబంలో ఉన్న కాపురాల పెద్దలు, ఒక్కో కాపురంలో ఉన్న మనుషులు. మన మాటల్లో చెప్పాలంటే ముందు ఇంటిపేరు, తర్వాత ఆ ఇంటిపేరులో వేరుపడ్డ కాపురాలు, ఆ తర్వాత ఆ కాపురంలో మనుషులు. మొదటి విడతలో ఇంటిపేరుకో చీటీ చొప్పున అక్షరక్రమంలో పిలుస్తారు. ఆడమ్స్‌తో మొదలై జానీని దగ్గర ముగుస్తుంది. తీసిన చీటీ ఎవరూ విప్పరు, అందరూ మడతలోనే పట్టుకుని నిలబడి ఒక్కసారే విప్పుతారు. చుక్క హచిన్సన్లకి పడింది. వాళ్ళలో బిల్ కాపురం ఒక్కటే కాబట్టి రెండో విడత అక్కర్లేకుండా నేరుగా మూడో విడతకి వెళ్ళారు. బిల్, టెస్సీ, ముగ్గురు పిల్లలు, మొత్తం అయిదు చీటీలు.

గైడ్లలో రెండు విడతలని రాస్తారు. కథలో కనిపించేవి రెండే గానీ నియమం మూడు విడతలది. ఈ తేడా ఎందుకు ముఖ్యమో చూడండి. “హచిన్సన్లలో ఇంకా కాపురాలున్నాయా?” అని సమ్మర్స్ అడగ్గానే టెస్సీ “డాన్, ఈవా ఉన్నారుగా, వాళ్ళనీ తియ్యమనండి” అన్న అర్థంలో అరుస్తుంది. ఈవా ఆమె కూతురు, డాన్ అల్లుడు. ఆడపిల్లలు భర్తల కుటుంబంతోనే తీస్తారు, ఆ సంగతి నీకూ తెలుసు కదా అని సమ్మర్స్ మెత్తగా జవాబిస్తాడు. పెళ్ళయిన కూతురు అత్తవారింటి మనిషి అన్న లెక్క తెలుగువాళ్ళకి విడిగా చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అంకెలు వేయండి. అయిదు చీటీల్లో ఒకటి టెస్సీది, అంటే 20 శాతం ప్రమాదం. డాన్, ఈవాలది రెండో కాపురంగా లెక్కలోకి వస్తే ముందు రెండు కాపురాల మధ్య తీత జరగాలి. టెస్సీకి పదింట ఒకటి, అంటే 10 శాతం. తన ముప్పు సగానికి తగ్గించుకోవడానికి ఒక తల్లి తన కూతురి కాపురాన్ని పెట్టెలోకి నెడుతోంది. ఆ కేక అంత భయంకరమైంది. తీత చెడు అని ఆమె ఎక్కడా అనదు, తీతలో ఇంకొందరు ఉండాలంటుంది.

టెస్సీ గురించి ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. ‘సంప్రదాయాన్ని ఎదిరించిన స్త్రీ’ అని రాసేస్తారు. ఆమె ఆ ఉదయం ఆలస్యంగా, చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంటూ పరుగెత్తుకొస్తుంది. లాటరీ రోజన్న సంగతే మరిచిపోయానంటుంది. సింకులో గిన్నెలు వదిలేసి రమ్మంటారా అని సమ్మర్స్‌తో సరదాగా అంటుంది, చుట్టూ జనం మెల్లగా నవ్వుతారు. భర్త వంతు వచ్చినప్పుడు వెళ్ళు వెళ్ళు అని తనే తొందరపెడుతుంది. చీటీ విప్పాకే గొంతు మారుతుంది. మొదటి అభ్యంతరం కూడా, బిల్‌కి చీటీ ఎంచుకోవడానికి తగినంత సమయం ఇవ్వలేదన్నదే. అందరం ఒకే అవకాశం తీసుకున్నాం కదా అని పక్కావిడ అంటుంది, నోరు ముయ్యమని భర్త అంటాడు. ఆఖరి క్షణంలో ఇది న్యాయం కాదు, సరికాదు అని టెస్సీ కేక పెట్టేసరికి ఆ మాట వినే చెవి అక్కడ లేదు. గత ఏడాది వేరే వాళ్ళకి చుక్క పడ్డప్పుడు ఆమె చేతిలోనూ రాయి ఉండే ఉంటుంది. కథ ఆ మాట చెప్పదు గానీ, అందరూ పాల్గొనే నియమంలో ఆమెకి మినహాయింపు ఉండదు కదా. కాబట్టి ‘తన దాకా వస్తే గానీ అన్యాయం అన్యాయంలా కనపడకపోవడం’ అని రాయండి. ఇది కథలో చూపించగల ఇతివృత్తం.

‘గుడ్డి సంప్రదాయం’ అన్న మాటని సరిదిద్దే చోటు నల్లపెట్టె. ఊళ్ళో అందరికంటే పెద్దవాడైన వార్నర్ ముసలాయన పుట్టకముందు నుంచీ వాడుకలో ఉన్న పెట్టె అది. రంగు వెలిసింది, అంచు చీలి లోపలి చెక్క బయటపడింది. కొత్తది చేయిద్దామని సమ్మర్స్ తరచూ అంటాడు, ఎవరూ పట్టించుకోరు. అంతకుముందు పెట్టె ముక్కలతోనే దీన్ని చేశారని ఒక మాట ప్రచారంలో ఉంది. చాలామంది ఇంతవరకే రాసి ‘మార్పుని ఒప్పుకోని ఊరు’ అని తేల్చేస్తారు. తర్వాతి వాక్యాలు చదవండి. ఒకప్పుడు చెక్కముక్కలు వాడేవాళ్ళు. జనం పెరిగి, పెట్టెలో పట్టడం లేదని సమ్మర్స్ కాగితం చీటీలు పెట్టించాడు. ఊరు ఒప్పుకుంది. ఒకప్పుడు అధికారి ఏదో మంత్రంలా చదివేవాడు, అది పోయింది. చీటీ తీయడానికి వచ్చిన ఒక్కొక్కరికీ ప్రత్యేకంగా వందనం ఉండేది, అదీ పోయింది. పెట్టెకి ఏడాది పొడుగునా చోటంటూ లేదు. ఒక ఏడు గ్రేవ్స్ పశువుల కొట్టంలో, ఇంకో ఏడు పోస్టాఫీసులో కాళ్ళకి అడ్డంగా, అప్పుడప్పుడు మార్టిన్ సరుకుల కొట్లో అలమార మీద పడుంటుంది. భక్తి ఉన్న వస్తువుని ఎవరూ అలా పెట్టుకోరు.

అంటే ఈ ఊరికి మార్చడం చేతకాదన్నది తప్పు. కష్టం అనిపించిన ప్రతిదాన్నీ మార్చింది, వదిలేసింది. అట్టే పెట్టుకున్నది రాళ్ళని ఒక్కటే. చివర్లో ఒక వాక్యం ఇదే చెబుతుంది: ఊరివాళ్ళు కర్మకాండ మరిచిపోయారు, అసలు పెట్టె పోగొట్టుకున్నారు, అయినా రాళ్ళు వాడాలని మాత్రం గుర్తుంది. మీ జవాబుకి ఇది వెన్నెముక. ‘సంప్రదాయం వాళ్ళని బంధించింది’ అని రాయడం కంటే ‘సంప్రదాయంలో పనికొచ్చే భాగం హింస ఒక్కటే అన్నట్టు దాన్ని మిగుల్చుకున్నారు’ అని రాస్తే కథకి దగ్గరగా ఉంటుంది. నా లెక్కలో జాక్సన్ చెప్పదలిచిన మాట ఇదే.

మరి ఎందుకు చేస్తున్నారో ఊరికి తెలుసా? కారణంలాంటిది చెప్పేది ఒక్క వార్నరే. ఆయన ఇది డెబ్బై ఏడోసారి చీటీ తీయడం. జూన్‌లో లాటరీ జరిగితే మొక్కజొన్న బాగా పండుతుంది అన్న అర్థం వచ్చే పాత సామెత ఒకటి ఆయన నోట వస్తుంది. దాన్ని పట్టుకుని కొందరు జవాబంతా పంటబలి మీద, నరబలి చరిత్ర మీద నడిపిస్తారు. అది ఒకటి రెండు వాక్యాలకి మించకూడదు. సామెత చెప్పిన వెంటనే ఆయన ఇంకో మాట అంటాడు, లాటరీ ఎప్పుడూ ఉన్నదే అని. పంట సంగతి నిజంగా నమ్మకమైతే ఆ రెండో మాట అవసరం లేదు. సమ్మర్స్ గానీ, గ్రేవ్స్ గానీ, కుర్రాళ్ళు గానీ ఏ కారణమూ చెప్పరు. ‘కారణం చచ్చిపోయాక కూడా పని బతికే ఉంది’ అని రాయండి. మన ప్రాంతపు ఆచారాలతో పోలిక తేవాలనుకుంటే ఒక్క వాక్యం చాలు. పేజీ అంతా దానికి పోతే కథ పక్కకి పోతుంది, మార్కులు పోయేది కూడా ఎక్కువగా అక్కడే.

ఆడా మగా అన్న అంశం తీత పద్ధతిలోనే ఇమిడి ఉంది, కొత్తగా తెచ్చి అతికించక్కర్లేదు. చీటీ తీసేది ఇంటి మగవాడు. డన్‌బార్‌కి కాలు విరిగింది కాబట్టి ఆయన భార్య తీయాలి. నీ తరఫున తీయడానికి ఎదిగిన కొడుకు లేడా అని సమ్మర్స్ అడుగుతాడు. జవాబు అతనికీ తెలుసు, ఊరందరికీ తెలుసు, అయినా నియమం కాబట్టి అడుగుతాడు. హొరేస్‌కి ఇంకా పదహారే అంటుందావిడ. ఆ వెంటనే వాట్సన్ల పొడుగాటి కుర్రాడు నాకూ మా అమ్మకీ నేనే తీస్తున్నాను అని ముందుకొస్తే జనం మెచ్చుకుంటారు, మీ అమ్మకి ఒక మగదిక్కు ఉన్నందుకు సంతోషం అంటారు. చివర్లో టెస్సీ చేతిలోంచి చీటీని బలవంతంగా లాక్కుని ఎత్తి చూపేది కూడా ఆమె భర్తే. ఈ మూడు చోట్లూ కలిపి ఒక పేరా రాస్తే చాలు.

లెక్కలు ఇష్టమైతే ఇంకొకటి. ఊళ్ళో 60 ఇంటిపేర్లు, ఒక్కోదానిలో ఒక్క కాపురమే ఉందనుకుందాం (ఈ అంకె కథలోది కాదు, లెక్క కోసం). ఒంటరి మనిషికి ముప్పు 60లో ఒకటి. భార్యాభర్తలిద్దరే ఉంటే ఒక్కొక్కరికి 120లో ఒకటి. అయిదుగురున్న ఇంట్లో 300లో ఒకటి. పిల్లలెక్కువైతే పెద్దల ముప్పు తగ్గుతుంది. ఎందుకంటే ఆ ముప్పు పిల్లల మీదకి కూడా పంచుకుపోతుంది. సమ్మర్స్‌కి పిల్లల్లేరని ఊరు జాలిపడుతుందని కథ మొదట్లోనే ఉంటుంది. ఈ అంకెలు చూశాక ఆ జాలి వేరేగా వినిపిస్తుంది. పరీక్షలో దీన్ని ‘ఇలా కూడా చదవొచ్చు’ అని ఒక్క వాక్యంలో పెట్టండి, అంతకు మించి సాగదీయొద్దు.

ఇక చదివే పద్ధతి. చిన్న కథ, అరగంటలో అయిపోతుంది, కాబట్టి మూడుసార్లు చదవడం కష్టం కాదు. మొదటిసారి ఊరికే చదవండి. రెండోసారి పెన్సిల్‌తో ‘రాయి’ అన్న మాట వచ్చిన ప్రతి చోటా గీత గీయండి. బాబీ మార్టిన్ అప్పటికే జేబుల నిండా రాళ్ళు నింపుకున్నాడని రెండో పేరాలోనే కనిపిస్తుంది. మిగతా పిల్లలు నున్నగా గుండ్రంగా ఉన్నవి ఏరుతున్నారు. ముగ్గురు కుర్రాళ్ళు ఓ మూల కుప్ప పోసి వేరే పిల్లలు ఎత్తుకుపోకుండా కాపలా కాస్తున్నారు. మొదటిసారి ఇది ఆటలా ఉంటుంది. మగవాళ్ళు వాన గురించి, ట్రాక్టర్ల గురించి, పన్నుల గురించి మాట్లాడుకుంటూ ఆ కుప్పకి దూరంగా నిలబడ్డారన్న వాక్యం రెండోసారి గానీ పట్టుబడదు. మూడోసారి ‘నవ్వు’ అన్న మాట వెతకండి. మొదట్లో మగవాళ్ళు పైకి నవ్వరు, చిరునవ్వుతో సరిపెడతారు. చివర్లో తమ చీటీలు ఖాళీ అని తెలియగానే టెస్సీ పిల్లలు నాన్సీ, బిల్ జూనియర్ ఇద్దరూ ముఖాలు వెలిగిపోయి నవ్వుతారు. మిగిలింది తల్లీ తండ్రీ మాత్రమే అని ఆ నవ్వుకి తెలియదు, లేక తెలిసీ ఆగలేదు.

కథనం గురించి కూడా రెండు ముక్కలు రాయాలి, లేకపోతే ఇతివృత్తం గాల్లో ఉంటుంది. కథ చెప్పే గొంతు ఎవరి మనసులోకీ దూరి తీర్పు చెప్పదు, చూసింది చూసినట్టు విలేకరిలా చెబుతుంది. ఆఖరి ఘట్టంలో డెలాక్రువా ఇల్లాలిని చూడండి. పొద్దున గుంపులోంచి టెస్సీ ముందుకు వెళ్తూ ఆప్యాయంగా చేయి తట్టింది ఆమెనే. ఇప్పుడామె రెండు చేతులూ పెడితే గానీ లేవనంత పెద్ద రాయి ఎంచుకుని, పద పద అని డన్‌బార్ భార్యని తొందరపెడుతుంది. ఆవిడకి రెండు చేతుల్లోనూ చిన్న రాళ్ళు, ఆయాసం, పరుగెత్తలేను మీరు ముందు వెళ్ళండి అంటుంది. ఎవరో చిన్న డేవీ చేతిలో కొన్ని గులకరాళ్ళు పెడతారు. వాడు టెస్సీ కొడుకు. వీటిలో ఒక్క విశేషణం కూడా కోపంతో రాసింది కాదు, అందుకే అంత గుచ్చుకుంటుంది. ‘మామూలు మంచివాళ్ళు చేసే హింస’ అన్న ఇతివృత్తానికి ఈ ఒక్క ఘట్టం చాలు.

పేర్ల అర్థాలు కొసరు లాంటివి. సమ్మర్స్ అంటే వేసవి, గ్రేవ్స్ అంటే సమాధులు, డెలాక్రువా ఫ్రెంచిలో శిలువకి చెందిన మాట, ఊరివాళ్ళు దాన్ని డెల్లక్రోయ్ అని పలుకుతారని కథే చెబుతుంది. హచిన్సన్ అన్న ఇంటిపేరుని 1638లో మసాచుసెట్స్ నుంచి మతపరమైన అభిప్రాయాల కారణంగా వెలివేసిన ఆన్ హచిన్సన్‌తో ముడిపెడతారు. జవాబు మొత్తం వీటి మీద కట్టొద్దు. ఇంకో జాగ్రత్త: కథలో రాష్ట్రం పేరు లేదు. జాక్సన్ ఉన్నది వెర్మాంట్‌లోని నార్త్ బెన్నింగ్టన్‌లో, అంతే. ‘వెర్మాంట్‌లో జరిగిన కథ’ అని రాస్తే అది కథలో ఉన్న మాట కాదు.

కథ వచ్చాక జరిగింది కూడా ఒక పేరాకి పనికొస్తుంది. ఆ వేసవిలో జాక్సన్‌కి మూడు వందలకి పైగా ఉత్తరాలు చేరాయి. ఆదరంగా మాట్లాడినవి పదమూడే, అవీ ఎక్కువగా స్నేహితుల నుంచే అని తర్వాత ఒక ఉపన్యాసంలో ఆమే చెప్పింది. తిట్టినవాళ్ళ సంగతి అలా ఉంచండి. ఇలాంటి లాటరీలు ఎక్కడ జరుగుతాయి, వెళ్ళి చూడొచ్చా అని అడిగినవాళ్ళున్నారు. అదే ఏడాది జులైలో ‘శాన్ ఫ్రాన్సిస్కో క్రానికల్’ పత్రికకి ఆమె ఇచ్చిన వివరణ సారాంశం ఏమిటంటే, ఒక పాత క్రూరమైన ఆచారాన్ని ఇప్పటి కాలంలో, తన సొంత ఊళ్ళో పెట్టి, పాఠకుల జీవితాల్లోనే ఉన్న అర్థం లేని హింసని వాళ్ళకి చూపించాలనుకుంది. దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఈ కథని నిషేధించింది. వాళ్ళకైనా అర్థమైందని ఆమె గర్వపడేదని ఆమె భర్త రాశాడు.

పదిహేను మార్కుల ప్రశ్న అయితే నాలుగైదు వందల పదాల్లో రెండు ఇతివృత్తాలే తీసుకోండి. ఆరు తీసుకుంటే ఒక్కోదానికి రెండు వాక్యాలు మిగులుతాయి, ఏదీ నిలబడదు. మొదటి వాక్యంలోనే మీ వాదన పెట్టండి, ‘ఈ ఊరు ఆచారంలో అన్నిటినీ మార్చుకుని హింసని మాత్రం మిగుల్చుకుంది’ అన్నట్టు. తర్వాత పెట్టె, చెక్కముక్కలు, రాళ్ళ వాక్యం. ఆ వాక్యం ఇంగ్లీషులో కంఠతా పట్టండి, త్వరగా ముగించేద్దాం అని సమ్మర్స్ అన్న వెంటనే వస్తుంది. రెండో ఇతివృత్తానికి టెస్సీ, డాన్-ఈవా లెక్క. కథ సారాంశానికి మూడు వాక్యాలు మించొద్దు, దిద్దేవాళ్ళకి కథ తెలుసు.

సమయం మిగిలితే స్టీవ్ ఆడమ్స్‌ని వదలొద్దు. ఉత్తరాన ఉన్న ఊళ్ళో లాటరీ మానేద్దామని అనుకుంటున్నారట అని వార్నర్‌తో అన్నది ఆయనే. కొన్ని చోట్ల ఇప్పటికే మానేశారని ఆయన భార్య కూడా అంటుంది. ముసలాయన పిచ్చివాళ్ళ గుంపని కసిరేస్తాడు, ఆడమ్స్ ఇంకేమీ మాట్లాడడు. ఆఖరి వాక్యాల్లో టెస్సీ మీదకి వెళ్తున్న గుంపులో ముందు నిలబడ్డది ఎవరో పేరు చూడండి, ఆ స్టీవ్ ఆడమ్సే.